కనిపిస్తే చాలా?

ఈసారి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఓ పని చేయండి. ఏదైనా వెబ్‌సైట్ తెరిచి, ఖాళీగా ఉన్నచోట మౌస్ కుడి బటన్ నొక్కి ‘వ్యూ పేజ్ సోర్స్’ అన్నదాన్ని ఎంచుకోండి. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూడండి. అప్పటిదాకా బొమ్మలతో, రంగులతో కళకళ్లాడిన పేజీ మాయమైపోయి, బాణం మొనల్లాంటి గుర్తుల మధ్య ఇరుక్కున్న ఇంగ్లీషు ముక్కలు బారులు తీరి కనిపిస్తాయి. చీరల షాపులో అమ్మ ఎప్పుడూ చీర తిరగేసి చూస్తుంది. ముందువైపు అంచు ఎంత మెరిసినా, వెనక దారాలు వేలాడుతుంటే పక్కన పెట్టేస్తుంది. వెబ్ పేజీకీ అలాంటి వెనకవైపు ఒకటుంది. దాని పేరే హెచ్‌టీఎంఎల్.

పేరు చూసి భయపడాల్సిందేం లేదు. ‘ఇది శీర్షిక’, ‘ఇక్కడ పేరా మొదలు’, ‘ఇక్కడ పేరా ముగిసింది’, ‘ఇది బొమ్మ’, ‘ఇది ఇంకో పేజీకి దారి’ అని బ్రౌజర్‌కి చెప్పే చిన్న చిన్న చీటీలు... అంతే! ఆ చీటీలనే ట్యాగులంటారు. వాటిని నోట్‌ప్యాడ్‌లో ఒక్కొక్కటీ మనమే టైపు చేసుకోవచ్చు. లేదంటే, శుభలేఖ డిజైన్ చేసుకున్నట్టుగా తెర మీద బొమ్మను ఇక్కడా, అక్షరాలను అక్కడా పెట్టుకుంటూ పోతే ట్యాగులన్నీ తనే రాసిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను వాడుకోవచ్చు. ఈ రెండో రకాన్ని విజువల్ ఎడిటర్ అంటారు. ‘ఏం కనిపిస్తోందో అదే దక్కుతుంది’ అన్నది దాని నినాదం.

ఈ రెండింటిలో ఏది గొప్పన్న గొడవ మొదటిసారి నా చెవిన పడింది అమీర్‌పేటలో. 2006 వేసవి. ఇంటర్ పరీక్షలు రాసి తెనాలి నుంచి హైదరాబాద్‌లో పిన్ని వాళ్లింటికి వచ్చాను. సెలవుల్లో ఖాళీగా ఎందుకని బాబాయి వెబ్ డిజైనింగ్ కోర్సులో చేర్పించాడు. మైత్రీవనం చుట్టూ అప్పుడు ఎటు చూసినా కోర్సుల బోర్డులే. బస్సు దిగితే చాలు, చేతిలో నాలుగు కరపత్రాలు పెట్టేవాళ్లు. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఇద్దరు సార్లు ఉండేవాళ్లు. పొద్దుటి బ్యాచ్ సారు మొదటి పదిహేను రోజులూ నోట్‌ప్యాడ్ తప్ప ఇంకోటి ముట్టుకోనిచ్చేవారు కాదు. సాయంత్రం బ్యాచ్ సారు మొదటి రోజే డ్రీమ్‌వీవర్ తెరిపించేవారు. మేం పేరాకి ట్యాగు తెరవడం, మూయడం దగ్గరే కుస్తీ పడుతుంటే, సాయంత్రం వాళ్లు ‘పోకిరి’ ఫొటోలతో ఏకంగా సైట్లే కట్టేశారు. ఆ ఏప్రిల్లోనే వచ్చిన సినిమా మరి! మా బ్యాచ్‌లో సగం మంది సాయంత్రానికి మారిపోయారు. నేను మారలేదు. ఎందుకంటే సాయంత్రం ఆరు దాటితే పిన్ని బయటికి పంపేది కాదు. అదీ నా చేతిరాత నిష్ఠ వెనకున్న రహస్యం!

మా నోట్‌ప్యాడ్ సారుకి విజువల్ ఎడిటర్లంటే ఒళ్లు మంట. వెబ్‌ను పాడు చేస్తున్నవి అవేననేవారు. ఆ మాట చాలాకాలం నిజమే అనుకున్నాను. తర్వాత జర్నలిజం డిప్లొమా చేసి, ఈ వృత్తిలోకి వచ్చి, వెబ్ చరిత్ర గురించి చదవాల్సి వచ్చినప్పుడు తెలిసింది... కథ అసలు తిరగబడి ఉందని.

వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్ లీ చేతిరాత పక్షం కాదు. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో 1990లో ఆయన నెక్స్ట్ కంప్యూటర్ మీద రాసిన మొట్టమొదటి బ్రౌజర్... ఎడిటర్ కూడా. అందులో పేజీని చూడటమే కాదు, అక్కడికక్కడే మార్చుకోవచ్చు. ట్యాగులు మామూలు మనుషుల కంటపడాల్సిన అవసరమే లేదన్నది ఆయన ఆలోచన. కానీ నెక్స్ట్ కంప్యూటర్లు ఎంతమంది దగ్గరున్నాయి గనక! మిగతా కంప్యూటర్లకు వచ్చిన బ్రౌజర్లు పేజీని చూపించేవే కానీ రాయనిచ్చేవి కావు. 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చి, వెబ్‌ను జనంలోకి తీసుకెళ్లిన మొజాయిక్ కూడా ప్రధానంగా చూడటానికే. దాంతో పేజీ కావాలన్నవాళ్లు ట్యాగులు చేత్తో కొట్టుకోక తప్పలేదు. అవసరం కొద్దీ వచ్చిన అలవాటు కాస్తా కొన్నేళ్లకు నైపుణ్యమైంది. ఆ తర్వాత మా సారులాంటి వాళ్లకు అదే మతమైంది.

వ్యాపారులు ఊరుకుంటారా? వెర్మీర్ టెక్నాలజీస్ అనే చిన్న అమెరికన్ కంపెనీ ఫ్రంట్‌పేజ్ అనే ఎడిటర్ చేస్తే, 1996 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది. 1997 డిసెంబర్లో మాక్రోమీడియా డ్రీమ్‌వీవర్ వచ్చింది. నెట్‌స్కేప్ తన బ్రౌజర్‌లోనే ఒక ఎడిటర్ పెట్టింది. చివరికి వర్డ్‌లో ఉత్తరం టైపు చేసి వెబ్ పేజీగా దాచుకునే వీలు కూడా వచ్చింది. అలా దాచిన పేజీ వెనకవైపు చూస్తే కళ్లు తిరిగేవి. నాలుగు వాక్యాల ఉత్తరానికి పేజీలకు పేజీల ట్యాగులు! ఆ చెత్త ఊడ్చడానికి డ్రీమ్‌వీవర్‌లో ప్రత్యేకంగా ఒక మీటే పెట్టారంటే అర్థం చేసుకోండి. 

ఇక్కడ రోటి పచ్చడి, మిక్సీ పచ్చడి పోలిక తేవాలని ఎవరికైనా నోరూరుతుంది. నాకూ ఊరింది. కానీ అది కుదరదు. పచ్చడి రుచి తినేవాడికి వెంటనే తెలుస్తుంది. చేత్తో రాసిన పేజీ, ఎడిటర్ రాసిన పేజీ పక్కపక్కన పెడితే మన కంటికి తేడా తెలియదు. ఆ తేడా ఎక్కడో, ఎప్పుడో, ఇంకెవరికో తెలుస్తుంది.

తెలుగువాళ్లకు ఇది అనుభవమే. పాతికేళ్ల కిందట తెలుగు సైట్లు చాలావరకు ఎలా ఉండేవో గుర్తుందా? ఆ సైటు ఫాంటు దిగుమతి చేసుకుంటే తప్ప అక్షరం కనిపించేది కాదు. అప్పటికే, అంటే 1991 నుంచే, యూనికోడ్‌లో తెలుగుకు చోటున్నా, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, ఆ పద్ధతి అందరికీ అలవాటవడానికి ఏళ్లు పట్టింది. అందాకా జరిగిందేమిటంటే, ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు అక్షరాల బొమ్మల్ని కూర్చోబెట్టారు. తెర మీద చూస్తే చక్కని ‘అమ్మ’. వెనక చూస్తే ఏవో ఇంగ్లీషు అక్షరాలూ, విరామ చిహ్నాలూ. ఫాంటు పోతే అమ్మా పోయింది. వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చిగీతలు. అలా రాసిన కథలూ, కబుర్లూ ఎన్ని చదవడానికి వీల్లేకుండా పోయాయో! కంటికి కనిపించడం వేరు, లోపల ఉండటం వేరు అని నాకు మొదట నేర్పింది మన తెలుగే.

రెండోసారి నేర్పింది మా మావయ్య.

అమ్మకి అన్నయ్య. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. నీటికాసులు... అదే, గ్లకోమా... మెల్లమెల్లగా చూపు తీసుకుపోయింది. డాక్టర్లు కాపాడగలిగింది వెలుగు, చీకటి తేడా తెలిసేంత మాత్రమే. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి. అత్తయ్య చదివి వినిపించేది కానీ, ‘ఆవిడకి నచ్చిన వార్తలే చదువుతోందమ్మాయ్, సంపాదకీయం దాటేస్తోంది’ అని ఆయన ఫిర్యాదు. మూడేళ్ల కిందట దసరాకి వెళ్లినప్పుడు ఆయన కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ వేసిచ్చాను. తెర మీదున్నది చదివి వినిపిస్తుంది. ఉచితం. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే ఆయన 2006లో మొదలుపెట్టాడు. ఆయనకూ చూపు లేదు. అందులో తెలుగు గొంతు కూడా ఉంది. కాస్త మరమనిషి మాటలా ఉంటుంది గానీ, నాలుగు రోజుల్లో చెవికి పట్టుబడుతుంది.

ఆయన పేపరు ‘చదవడం’ చూస్తే నాకు ఆశ్చర్యం. మనం పేజీ మీద ఒకసారి కళ్లు తిప్పి, పెద్దక్షరాలు చూసి, నచ్చిన చోట ఆగుతాం కదా. ఆయన కీబోర్డు మీద ‘హెచ్’ అక్షరం నొక్కుతాడు. నొక్కినప్పుడల్లా ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు గొంతు దూకుతుంది. నచ్చితే ఆగుతాడు. ‘కె’ నొక్కితే లింకులు, ‘జి’ నొక్కితే బొమ్మలు. కానీ ఇదంతా జరగాలంటే ఒక షరతుంది. పేజీ రాసినవాళ్లు శీర్షికకు శీర్షిక ట్యాగే పెట్టి ఉండాలి. ఎడిటర్‌లో అక్షరాల సైజు పెంచి, బోల్డు చేసి, రంగు మార్చి వదిలేస్తే మన కంటికి అది శీర్షికే. మావయ్య చెవికి మాత్రం మామూలు పేరాలో ఇంకో వాక్యం. అప్పుడాయన పేజీ మొదటి నుంచి చివరిదాకా, పైనున్న యాభై లింకులతో సహా, వినుకుంటూ పోవాలి.

ఒకరోజు ఫోన్ చేశాడు. పింఛను పని మీద ఏదో సైటు తెరిచాడట. పేరెందుకు గానీ, చూడటానికి ముచ్చటైన సైటే. ‘ఏంటమ్మాయ్ ఇది? బటన్, బటన్, బటన్ అంటోంది. అన్నీ బొత్తాలే, చొక్కా ఏదీ?’ అన్నాడు. నవ్వాను. నవ్వి, నేనూ ఆ పేజీ తెరిచి వెనకవైపు చూస్తే నవ్వు ఆగిపోయింది. ఆరు బటన్లు. ఒక్కదానికీ లోపల పేరు లేదు. పేర్లన్నీ బొమ్మల్లో అందంగా గీసి ఉన్నాయి. కళ్లున్నవాళ్లకు ఏది దరఖాస్తో, ఏది రద్దో తెలుస్తుంది. ఆయనకు ఆరూ ఒకటే. తప్పుది నొక్కితే? నెలనెలా వచ్చే డబ్బు వ్యవహారం అది. చివరికి మా అమ్మ వెళ్లి, చూసి నొక్కింది. ‘నా సంతకం నేను పెట్టుకోలేకపోయినట్టుంది’ అన్నాడట ఆమెతో. నాతో అనలేదు.

ఇది ఆ ఒక్క సైటు దురదృష్టం కాదు. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ ఏటా పది లక్షల సైట్ల మొదటి పేజీలను పరీక్షిస్తుంది. 2024లో వాటిలో 95.9 శాతం పేజీల్లో చూపు లేనివాళ్లకో, ఇతర వైకల్యాలున్నవాళ్లకో అడ్డుపడే లోపాలు దొరికాయి. బొమ్మకు వివరణ లేకపోవడం, బటన్‌కు పేరు లేకపోవడం, అక్షరాల రంగు వెనకరంగులో కలిసిపోవడం... ఇలాంటివే ఎక్కువ. ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ సూత్రాలు 1999లోనే వచ్చాయి. మన దేశంలో ప్రభుత్వ సైట్లకు 2009లో మార్గదర్శకాలు ఇచ్చారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఈ సంగతి ప్రస్తావించింది. సూత్రాలకేం కొదవ లేదు.

మరి తప్పు విజువల్ ఎడిటర్లదేనా? మా నోట్‌ప్యాడ్ సారైతే చప్పున అవునంటారు. నేననను. చేత్తో రాసేవాళ్లు కూడా ఒకప్పుడు పేజీని అందంగా అమర్చడానికి పట్టికలో పట్టిక, దాన్లో ఇంకో పట్టిక పెట్టి, ఖాళీ కోసం కనిపించని చుక్క బొమ్మలు ఇరికించినవాళ్లే. అందానికి వేరే భాష, సీఎస్ఎస్, 1996లోనే వచ్చినా బ్రౌజర్లు దాన్ని సరిగ్గా అర్థం చేసుకునేదాకా ఆ తిప్పలు తప్పలేదు. ఇంకోవైపు, 2000ల నాటి డ్రీమ్‌వీవర్‌లో బొమ్మ పెట్టగానే ‘దీనికి వివరణ రాయండి’ అని అడిగే ఏర్పాటుండేది. సాయంత్రం బ్యాచ్ వాళ్లు ఆ గడి రాగానే క్యాన్సిల్ కొట్టేవాళ్లు. అడిగినా రాయనివాళ్లను ఏ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది?

అసలు మా ఆఫీసులో రోజూ పదుల సంఖ్యలో వార్తలు సైట్లోకి వెళ్తాయి. ఎవరైనా ఒక్కోదానికీ ట్యాగులు చేత్తో కొడతామంటే మా డెస్క్ ఇన్‌ఛార్జి ఇంటికి పంపేస్తారు. ఎడిటర్లు లేకపోతే ఊళ్లో టైలరూ, పచ్చళ్ల వ్యాపారం చేసే ఆవిడా సొంతంగా ఒక సైటు పెట్టుకోగలిగేవాళ్లా? అది చిన్న సంగతేం కాదు. నేననేదల్లా ఒకటే. జీతానికి వెబ్ పేజీలు చేసేవాళ్లు కనీసం పదిహేను రోజులు నోట్‌ప్యాడ్‌తో గడపాలి. ఆ పదిహేను రోజుల్లో ‘ఇది ఎలా కనిపించాలి’ అన్న ప్రశ్న కన్నా ముందు ‘ఇది ఏమిటి’ అన్న ప్రశ్న వేసుకోవడం అలవాటవుతుంది. శీర్షికా? జాబితానా? బటనా? లింకా? ఎడిటర్ ఆ ప్రశ్న వేయదు. వేసినా క్యాన్సిల్ ఉండనే ఉంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఎడిటర్‌ను నమ్ముకుంటే దాని ఆయుష్షే మన ఆయుష్షు. ఫ్రంట్‌పేజ్‌ను మైక్రోసాఫ్ట్ 2006లో ఆపేసింది. సందర్శకుల లెక్క చూపే మీటర్ల వంటి దాని హంగులు కొన్ని ప్రత్యేక సర్వర్ ఏర్పాటుంటేనే పనిచేసేవి. అది పోగానే అవీ మూగబోయాయి. ఎవరైనా సులువుగా సొంత పేజీ పెట్టుకునే వీలిచ్చిన జియోసిటీస్ 2009లో మూతపడితే లక్షల పేజీలు దాంతోపాటే దిగిపోయాయి. అదే, సెర్న్ వాళ్లు 2013లో పాత చిరునామాలోనే మళ్లీ నిలబెట్టిన ప్రపంచపు తొలి వెబ్‌సైట్‌ను చూడండి. ఒక శీర్షిక, కొన్ని పేరాలు, లింకులు. ముప్పై ఏళ్లు దాటిన ఆ పేజీ మీ ఫోన్‌లో ఇప్పుడు తెరిచినా చక్కగా తెరుచుకుంటుంది. 

మళ్లీ మావయ్య దగ్గరికి వద్దాం. కిందటి సంక్రాంతికి ఆయనకో కోరిక పుట్టింది. క్లాసులో పిల్లల్ని ఆటపట్టించడానికి వాడిన లెక్కల పొడుపుకథలన్నీ ఒకచోట పెట్టాలని. ‘సైటు చేసిస్తాలే నాన్నా, పది నిమిషాల పని’ అన్నాడు బెంగళూరులో ఉండే మా బావ. నిజంగానే చేశాడు. ఈడ్చి పెట్టుకునే సైట్ బిల్డర్‌తో, వెనక నల్లబల్ల బొమ్మతో, సుద్దముక్క అక్షరాలతో బ్రహ్మాండంగా వచ్చింది. ‘ఇప్పుడు రోజుకొకటి మీరే చేర్చుకోండి’ అన్నాడు. అక్కడ ఆగింది బండి. కొత్తది చేర్చాలంటే మౌస్‌తో పెట్టెను పట్టుకుని ఈడ్చాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి ఈడుస్తాడాయన?

‘నీకు అమీర్‌పేటలో నేర్పిందేంటో అది నాకు చెప్పమ్మాయ్’ అన్నాడు మావయ్య.

నోట్‌ప్యాడ్ తెరిచాం. నేను మొదటి ట్యాగు చెప్పాను. ఆయన టైపు చేశాడు. ఎన్‌వీడీఏ గొంతు ఆ బాణం మొనల్ని పైకి చదివింది... ‘లెస్’, ‘గ్రేటర్’ అని. మావయ్య ముఖం వెలిగిపోయింది. ‘ఓస్, ఇవా! లెస్ దేన్, గ్రేటర్ దేన్! ముప్పై మూడేళ్లు పిల్లలకి చెప్పినవేగా’ అన్నాడు. పదిహేను రోజులు అవే గుర్తులతో కుస్తీ పట్టిన నాకు, అవి లెక్కల గుర్తులన్న స్పృహే ఎప్పుడూ కలగలేదు! ఆఖరున తెరిచింది ముందు మూయాలన్న నియమం చెప్పబోతే, ‘బ్రాకెట్లే కదా, లోపలిది ముందు, బయటిది తర్వాత’ అని తనే పూర్తిచేశాడు. మా సారు వారం రోజులు చెప్పిన పాఠం ఆయనకు గంటలో అయిపోయింది.

పేజీ పైన భాష తెలుగని చెప్పే చిన్న ముక్క ఒకటుంది. ‘టి’, ‘ఇ’ అని రెండక్షరాలు. అది లేకపోయినా కంటికి తేడా ఏమీ కనిపించదు. కానీ అది ఉంటేనే ఎన్‌వీడీఏ తనంతట తాను తెలుగు గొంతుకు మారుతుంది. బావ చేసిన సైట్లో ఆ చోట ఇంగ్లీషని ఉంది. బిల్డర్ దానంతటదే పెట్టేసింది. మావయ్య మాత్రం తన పేజీలో అన్నిటికన్నా ముందు అదే టైపు చేశాడు.

మొదటి పొడుపుకథ: దొడ్లో కోళ్లూ మేకలూ కలిపి తలలు 20, కాళ్లు 56. కోళ్లెన్ని, మేకలెన్ని? జవాబు ఇంకో పేజీలో, లింకు వెనక. అయిదు లెక్కలయ్యాక ‘ఎలా ఉందమ్మాయ్?’ అనడిగాడు. ఉన్నమాటే చెప్పాను. తెల్ల కాగితం మీద నల్లక్షరాలు, పాత పాఠ్యపుస్తకంలా ఉంది మావయ్యా, అని. బావకు అస్సలు నచ్చలేదు. ఈ రోజుల్లో ఇలాంటి పేజీ ఎవరు చూస్తారని వాదన. కంప్యూటర్‌తో మాట్లాడితే అదే మొత్తం కోడ్ రాసిచ్చే కృత్రిమ మేధ వచ్చాక ఇంకా ఈ చేతిరాతేంటని కూడా అన్నాడు. నిజమే, అడిగితే అర నిమిషంలో రాసిచ్చేస్తుంది. అది రాసింది సరిగ్గా ఉందో లేదో మావయ్య ఇప్పుడు గీత గీతా విని చెబుతాడు. బావ చెప్పలేడు. రాత్రి భోజనాల దగ్గర దాకా సాగిన ఆ వాదన తేలలేదు. రంగుల సంగతి తను చూస్తానని, ట్యాగుల జోలికి రానని బావ ఒప్పుకోవడంతో మాత్రం అత్తయ్యకు ప్రశాంతత దొరికింది.

ఇప్పుడు పేజీలో ముప్పై ఒక్క లెక్కలున్నాయి. ముప్పై రెండోది జామెట్రీ. బొమ్మ లేకుండా కుదరదు. బొమ్మ పెట్టే ట్యాగు చెప్పి, చూపు లేనివాళ్ల కోసం పక్కనే వివరణ కూడా రాయాలి మావయ్యా అన్నాను. కాసేపు ఆలోచించి, ‘అలా వద్దు. ముందు వివరణ నేను రాస్తా. అది వినడానికి సరిపోయిందో లేదో చూసుకుంటా. దాన్ని చదువుకుని బొమ్మ నువ్వు గీయి’ అన్నాడు.

వివరణ మొన్న బుధవారం పంపాడు. త్రిభుజం, లోపల ఒక వృత్తం, పైనుంచి కిందికి ఒక లంబం. కొలతలన్నీ ఉన్నాయి. ఈ ఆదివారం గీసి పంపాలి.